వెల్డరు అతుకు, వార్డు అతుకు

విశాఖ సిటీ బస్సుల మీద ఇప్పటికీ ‘సింధియా’ అని కనిపిస్తుంది. ఇక్కడి షిప్‌యార్డును మొదలుపెట్టిన ఓడల కంపెనీ పేరది. ఆ కంపెనీ చేతుల్లోంచి షిప్‌యార్డు పూర్తిగా ప్రభుత్వానికి వెళ్లింది 1961లో. పేరు మాత్రం జంక్షన్‌కీ బజారుకీ ఉండిపోయింది.

సింధియా కంపెనీని నడిపిన వాల్‌చంద్ హీరాచంద్ పట్టుదలతో 1941 జూన్ 21న ఆ యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం ఇళ్లకు తాళాలు వేసి పల్లెలకు పోయారు. అయినా 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగింది.

బ్యాండ్ మోగే ఆ ఘడియ కన్నా, అంతకు ముందు నెలల తరబడి సాగే పని మీదే నాకు గౌరవం ఎక్కువ. వెల్డరు వేసిన అతుకును ముందు కంటితో చూస్తారు. కీలకమైన చోట ఎక్స్‌రే తీస్తారు. లోపం కనబడితే గ్రైండరుతో తవ్వేసి మళ్లీ వేయిస్తారు. ట్యాంకులోకి గాలి ఎక్కించి, అతుకుల వెంట సబ్బునీళ్లు పూసి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని కాచుకుంటారు. ఎవరు వేశారో, ఎవరు చూశారో కాగితం మీద ఉంటుంది. ఓడను తనిఖీ చేసే సర్వేయరు సంతకం పడాల్సిన చోట అది పడందే పని ముందుకు సాగదు. నడిసముద్రంలో అడగడానికి ఎవరూ దొరకరు కాబట్టి అడగాల్సినవన్నీ ఒడ్డునే అడిగేస్తారు.

ఇంత కట్టుదిట్టంగా పనిచేసే మనిషి సాయంత్రం మల్కాపురంలో ఇంటికి చేరతాడు. వీధి కాలువ పొంగితే ఎవర్ని అడగాలి? 2007లో ఎన్నికైన గ్రేటర్ విశాఖ పాలకమండలి గడువు 2012లో తీరింది. మళ్లీ ఓట్లు పడింది 2021 మార్చిలో. విలీనాలు, వార్డుల విభజన, కోర్టు కేసులు, కారణాలకేం, ఎన్నైనా ఉన్నాయి. మధ్యలో తొమ్మిదేళ్లు కార్పొరేటర్ అనే మనిషే లేడు. గడువు తీరకముందే ఎన్నికలు జరిపి తీరాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం చెబుతూనే ఉంది.

ఆ తొమ్మిదేళ్లూ ఊరికేమీ జరగని కాలం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చేసింది. 2016లో స్మార్ట్ సిటీల తొలి జాబితాలో విశాఖ చేరింది. తుపాను తర్వాత అధికారులు రాత్రింబవళ్లు శ్రమించారు, ఆ కష్టాన్ని తక్కువ చేయను. కానీ కమిషనర్ బదిలీ మీద వెళ్లిపోతారు. కార్పొరేటర్ రేపు కూడా అదే వీధిలో నడవాలి, అయిదేళ్లకోసారి అదే గుమ్మం ముందు నిలబడి ఓటడగాలి. డబ్బు ముందు ఏ వీధికి ఖర్చుపెట్టాలి, ఏ గెడ్డకు గోడ కట్టాలి అన్న తగువు కౌన్సిల్ హాల్లో, పత్రికల వాళ్ల ముందు జరగాలి. ఆ హాలు తొమ్మిదేళ్లు మూగబోయింది.

2021లో 98 వార్డులకు సభ్యులొచ్చారు. వాళ్లలో ఎవరు మంచివాళ్లు, ఏ పార్టీ గొప్పది అన్నది వేరే సంగతి. గడువులోగా ఎన్నిక అన్నదాన్ని సర్వేయరు సంతకమంత కచ్చితంగా పట్టుకోవాలన్నదే నా కోరిక. అది జరగందే కొత్త పన్ను వేయకూడదు, పెద్ద టెండరు పిలవకూడదు. ఈ షరతు చట్టంలోనే రాయమని షిప్‌యార్డు కార్మిక సంఘాలు అడగాలి. సంతకం లేని అతుకును నమ్మకూడదని వాళ్లకన్నా ఎవరికి తెలుసు?