చౌక గ్రాఫిక్స్ కార్డు – ఇరుకు దారి

కంప్యూటరు ఆటలలోని దృశ్యములను గణించి తెరపైకి పంపు భాగమే గ్రాఫిక్స్ కార్డు. స్వల్ప ధనముతో కొనువారి కొరకు ఏ.ఎం.డి. సంస్థ 2022 జనవరిలో రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అను కార్డును 199 డాలర్ల ధరకు విడుదల చేసినది. ధర సరసమే, నిర్మాణమే విమర్శింపదగినది.

ఈ కార్డుకు సొంత మెమరీ 4 గిగాబైట్లే. ఆటకు వలయు సమాచారము అంతకు మించినచో, మిగిలినది కంప్యూటరు ప్రధాన మెమరీ నుండి రావలెను. ఆ రాకపోకలకు ఆనాటి ఆట కార్డులలో పెక్కింటికి 8 లేక 16 దారులుండగా, దీనికి నాలుగే. మదర్‌బోర్డు పీసీఐఈ నాల్గవ తరమునకు చెందినదైనచో వాటిలో సెకనుకు సుమారు 8 గిగాబైట్లు సాగును. మూడవ తరముదైనచో 4 మాత్రమే. తొట్టి చిన్నది, నీరు తెచ్చు కాలువయు ఇరుకు. ఒక లోపము రెండవదానిని పెంచుచున్నది.

పాత యంత్రమునకు కొత్త కార్డు అమర్చుకొనువారు సాధారణముగా మితధనులే. వారి బోర్డులు పాత తరమువే. ఎవరికై చేసిరో వారికే సగము దారి! కావున విద్యార్థులు ఏ భాగమును ఒంటరిగా తూచరాదు. తమ బోర్డు ఏ తరమో, కార్డుకు దారులెన్నో తెలిసికొని, పిమ్మటనే ధర అడుగవలెను.