ప్రవచనమూ ద్వీపమూ

పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) ఫీనిక్స్ బే రేవు నుంచి దీవులకు పోయే ఓడలెక్కే జనంలో తెలుగువారు తక్కువ కారు. ఒకనాడు మన పల్లెలలో ద్వీపాంతరమంటే శిక్ష అనే అర్థం. పడమటివారికి మాత్రం ఈ దీవులు అంతకు ఎంతో పూర్వమే పుస్తకంలో చదువుకొన్న దీవులు. పదమూడవ శతాబ్ది చివర మార్కో పోలో అండమాన్ వాసులకు కుక్కతలలు తగిలించినాడు. ఆ వింత అతనికన్న పాతది. 1492 నవంబరులో క్యూబా తీరాన, భాష తెలియని మనుష్యుల సైగలలో కొలంబస్‌కు వినవచ్చినదీ ఆ కుక్కముఖాల వార్తయే.

వినదలచినదే వినే ఈ స్వభావం 1501-02లో గాస్పర్ గోరిసియో అనే సన్న్యాసి సాయంతో కొలంబస్ కూర్చిన ‘ప్రవచన గ్రంథం’లో పరాకాష్ఠ నందుకొన్నది. తన యాత్రకు తర్కమూ గణితమూ పటాలూ తోడ్పడలేదనీ, యెషయా ప్రవచనమే ఫలించినదనీ స్పెయిన్ రాజదంపతులకు ఆయన విన్నవించుకొన్నాడు. జన్మమంతా గాలినీ నీటినీ కొలిచిన నావికుని నోట వచ్చిన మాట ఇది! దీనిని కపటమని త్రోసివేయుట తేలిక, కాని సరికాదు. యెరూషలేము విమోచనకు ఇండీసు బంగారం వినియోగపడాలన్న కోరిక ఆయనకు నిజమైనది. గ్రంథంగా మాత్రం అది ఉల్లేఖనల పోగు. ద్వీపాలను గూర్చిన వాక్యాలు అందులో ఎన్నో ఉన్నవి, ద్వీపవాసి లేడు.

ఫీనిక్స్ బేకు దక్షిణాన, నికోబార్‌లో, ఇదే విశ్వాసానికి వేరొక వ్రాత పుట్టినది. 1756లో ఆ దీవులు తమవని డెన్మార్కు ప్రకటించినది. వలస నిలబడలేదు. సువార్త లోకమంతటా ప్రకటింపబడిన పిమ్మటనే అంతమన్న మాట ఎందరో ప్రచారకులను దూరతీరాలకు నడిపిన కాలమది. రాజ్యానికి కావలసినది వ్యాపారం. పోవుటకు సిద్ధపడినవారు విశ్వాసులు. మొరేవియన్ సోదరులు 1760లో తరంగంబాడిలో దిగి, 1768లో నాన్‌కౌరి చేరినారు. జ్వరాలు వారిని మ్రింగినవి. 1787లో వారు దీవిని విడిచినారు. చివరివారిలో ఒకడైన హేన్సెల్ వ్రాసిన లేఖలు 1812లో లండన్‌లో అచ్చయినవి.

కొలంబస్ కూర్పుకన్న ఈ చిన్న పుస్తకమే సాహిత్యమనదగినది. దీవివారి భాష తమకు పట్టుబడలేదని హేన్సెల్ దాచలేదు. నెరవేరని సంకల్పం ఆయన కన్నులు తెరిపించినది. ఖర్చులకై గవ్వలేరి అమ్మిన సంగతి, టోపీ చూపి పామును రెచ్చగొట్టి పట్టిన సంగతి సావకాశంగా చెప్పినాడు. ప్రవచనంలోని ద్వీపానికి పాములు లేవు, గవ్వలు లేవు, జ్వరమూ లేదు. హేన్సెల్ ద్వీపానికి అవన్నీ ఉన్నవి. వానితోపాటు, ఆయన బోధను విని తల ఆడించక తమ దారిన తాము పోయిన మనుష్యులూ ఉన్నారు.