గద్దర్ పాట, సంఘపు విలాపము: ఒక వేదాంత పరిశీలన

అమెరికాలో నల్లజాతి సంఘముల ఆరాధనలో పుట్టిన స్వరము సంతలోకి వెళ్లి 'సోల్' సంగీతమైంది. డెట్రాయిట్ బాప్తిస్టు బోధకుని కుమార్తె అరీతా ఫ్రాంక్లిన్ లోకప్రసిద్ధి పొందిన తరువాత, 1972లో లాస్ ఏంజిలెస్‌లోని ఒక దేవాలయములో సువార్త గీతములను పాడి రికార్డు చేసింది. బాధపడిన జనుల ఆత్మ పలికే అలాంటి పాట మన తెలంగాణలో ఎక్కడ వినబడింది? ఎక్కువగా సంఘము వెలుపలనే వినబడింది. అందుకు ముఖ్య నిదర్శనము గద్దర్.

గుమ్మడి విఠల్‌రావు 1949లో మెదక్ జిల్లా తూప్రాన్‌లో దళిత కుటుంబములో జన్మించాడు. బ్యాంకు ఉద్యోగము విడిచి, జననాట్యమండలి గాయకుడై, గోచి, గొంగడి, చేతికర్రతో ఊరూరా ఆడిపాడాడు. 1985లో కారంచేడులో దళితుల హత్యల తరువాత బాధితుల పక్షాన గళమెత్తాడు. ఆ హతులలో బైబిలు పేర్లు గలవారు ఉన్నారని మనము మరువరాదు. అదే సంవత్సరము అజ్ఞాతములోకి వెళ్లి 1990లో బయటికి వచ్చాడు. ఆ యేడు మే నెలలో మన వరంగల్‌లో జరిగిన రైతుకూలీ సంఘ మహాసభలకు లక్షలాది జనము తరలివచ్చారు. 1997 ఏప్రిల్ 6న దుండగులు ఆయనపై కాల్పులు జరిపారు. ఒక తూటా ఆయన దేహములోనే మిగిలిపోయింది. 2023 ఆగస్టు 6న మరణించగా బౌద్ధ సంప్రదాయము ప్రకారము అంత్యక్రియలు జరిగాయి.

ఆయన పాట బలము ఎక్కడ ఉంది? మొదటిది, బాణీ. అది కూలీలు నాట్లు వేస్తూ పాడుకునే బాణీ. ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకుంటారు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు రాగతాళములతో అచ్చయ్యాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి ఆ సేవ అమూల్యమైనది. అయితే మాదిగ పల్లె డప్పు చాలాకాలము గుడి గడప బయటనే నిలిచింది. రెండవది, పేరు. ఆయన పాటలో కష్టజీవియైన లచ్చుమమ్మ పేరుతో కనబడుతుంది. మన పాటలలో పాపి ఉన్నాడు, విశ్వాసి ఉన్నాడు. కూలి దొరకని తల్లి ఎన్ని పాటలలో ఉంది?

మూడవది, విలాపము. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడ్పును ఆయన దాచలేదు. బైబిలు కూడా దాచలేదు. 13, 88 కీర్తనలను చూడండి. అయినను మన ఆరాధన తరచుగా దుఃఖమును దాటవేసి నేరుగా స్తుతిలోకి పరుగెడుతుంది.

ఇక్కడ విమర్శ కూడా అవసరము. ఆయన పాట చాలాకాలము తుపాకిని పరిష్కారముగా చూపింది. ఆ దారిలో మన జిల్లా పల్లెల యువకులు ఎందరో రాలిపోయారు. 137వ కీర్తనలోనూ భయంకరమైన ప్రతీకార వాంఛ ఉంది. కాని కీర్తనకారుడు ఆ కోపమును దేవుని యెదుట కుమ్మరించాడు, ఆయుధముగా మార్చలేదు. రోమా 12:19 బోధించేది ఇదే. గద్దర్ తానే తరువాతి కాలములో ఓటు వైపు తిరిగి, 2018లో తొలిసారి ఓటు వేశాడు. దీనిని కొందరు లొంగుబాటు అన్నారు. వెదకే మనిషి మార్పుగా చూడటమే న్యాయమని నా అభిప్రాయము.

అయితే ఈ విమర్శ చేసే హక్కు మనకు ఊరికే రాదు. కోపమును దేవుని యెదుట పెట్టుడని చెప్పే సంఘము, అలా పెట్టుటకు చోటు చూపించాలి. పంట పోయి రైతు ప్రాణము తీసుకున్న వారమున మనము ఏ పాట ఎత్తుకుంటాము? ఆ ఇంటివారు పాడగలిగినది మన పుస్తకములో ఉందా?

కనుక కాపరులు విలాప కీర్తనలను వరుసగా బోధించాలి. పల్లె సంఘములలోని స్త్రీలు తమ బాణీలో కట్టుకున్న పాటలను వేదాంత విద్యార్థులు సేకరించాలి. ఏడ్చువారితో ఏడువుమన్న ఆజ్ఞ (రోమా 12:15) పాటకు కూడా వర్తిస్తుంది.