వరండాలో నిలబడ్డ మగవాడు

కుటుంబ నియంత్రణ వస్తువుగా నేను చదివిన తెలుగు కథల్లో ఆపరేషన్ బల్లమీద ఉండేది దాదాపు ఎప్పుడూ స్త్రీయే. భర్త ఆసుపత్రి వరండాలో నిలబడి ఉంటాడు. దుర్మార్గుడైనా, మంచివాడైనా రచయిత అతణ్ణి అక్కడే వదిలేస్తాడు. "నువ్వెందుకు చేయించుకోలేదు?" అని ఏ పాత్రా అడగదు. ఇది దృక్పథానికి సంబంధించిన లోపమని నా అభిప్రాయం.

మగవాడికి ఆపరేషన్ జరిగే సాహిత్యం లేకపోలేదు. సల్మాన్ రష్దీ 'మిడ్‌నైట్స్ చిల్డ్రన్' (1981), రోహింటన్ మిస్త్రీ 'ఎ ఫైన్ బ్యాలెన్స్' (1995) ఎమర్జెన్సీ నాటి బలవంతపు ఆపరేషన్లను చిత్రించాయి. 1976-77లో దేశంలో జరిగిన 80 లక్షలకు పైగా ఆపరేషన్లలో 60 లక్షలకు పైగా వేసెక్టమీలే. పేదల శరీరాలమీద రాజ్యం చేసిన ఆ దౌర్జన్యాన్ని రాయవలసిందే. అయితే మిస్త్రీ నవలలో వేసెక్టమీ, భూస్వామి కక్షతో వృషణాలు తీయించడం రెండు వేరువేరు ఘటనలు. పాఠకుడి మనసులో మాత్రం రెండూ ఒకే గాయంగా మిగులుతాయి. వేసెక్టమీ అంటే మగతనం పోవడమనే భయానికి సాహిత్యం కూడా తెలియకుండానే బలం చేకూర్చింది.

1977 తర్వాత కార్యక్రమం పేరు 'కుటుంబ సంక్షేమం' అయింది, భారం స్త్రీమీదికి మళ్ళింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో నూటికి 38 మందికి ఆపరేషన్ జరిగింది. భర్త చేయించుకున్నది వెయ్యికి ముగ్గురి విషయంలోనే. ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ అయిన స్త్రీలు నూటికి దాదాపు 70. ట్యూబెక్టమీకి పొట్టలోకి వెళ్ళాలి, వేసెక్టమీకి అక్కరలేదు. అయినా 2014లో బిలాస్‌పూర్‌లో, 2022లో ఇబ్రహీంపట్నంలో శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకుని మరణించినవారు స్త్రీలే.

"బరువులు మోసేవాణ్ణి, నాకెలా కుదురుతుంది?" అంటాడు కూలి. దీన్ని కేవలం అజ్ఞానమని కొట్టిపారేసే రచయితకు అతని బతుకు తెలియదు. ఆపరేషన్ తర్వాత కొద్దిరోజుల విశ్రాంతి అంటే అతనికి కొద్దిరోజుల కూలి పోవడం. కానీ నాట్లు వేసే భార్యకూ కూలి పోతుంది. ఆమె కూలి లెక్కలోకి ఎందుకు రాదు? వర్గ దృష్టీ, స్త్రీ సమస్యా కలిసే చోటు ఇదే. మన కథ ఇక్కడి దాకా రాలేదు.

ఈ విమర్శలో నాకూ వాటా ఉంది. రెండో కాన్పు తర్వాత మా ఇంట్లో ఆపరేషన్ నా భార్యకే జరిగింది. ఆ మాట ఎత్తింది మా అత్తగారు. నేను కాగితంమీద సంతకం పెట్టాను. నన్నెవరూ అడగలేదు, అడగకపోవడం నాకు హాయిగానే ఉంది. అప్పటికే స్త్రీ విముక్తిమీద ఉపన్యాసాలిచ్చినవాణ్ణి నేను.

నేను కోరేది ప్రచార కథలు కాదు, వాటిని ప్రభుత్వ శాఖలే రాయించుకోగలవు. సంతకం పెట్టే ముందు ఆ మగవాడు ఏమనుకున్నాడో రాయమంటున్నాను. వేసెక్టమీ చేయించుకుని టీకొట్టు దగ్గర ఎగతాళి పడ్డవాణ్ణి రాయమంటున్నాను. కొత్తగా రాస్తున్న మిత్రులు ముందు తమ ఇంట్లో ఈ నిర్ణయం ఎవరు చేశారో కనుక్కోవాలి. కథ అక్కడ మొదలవుతుంది.