పైపు పలిగిన కాడ

చొప్పదండి దిక్కు ఒక మక్క చేను. బోరు మోటరు పొద్దుటి నుంచి నడుస్తూనే ఉంది గాని చివరి మడికి నీళ్లు చేరడం లేదు. నడిమిట్ల ఒకచోట నేల మెత్తబడి, బురద బుడగలు వేస్తున్నది. రైతు గడ్డపార అక్కడే దించబోయాడు. వచ్చిన బోరు మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు కాకా, నీళ్లు తేలింది ఈడ. పలిగింది ఇంకో కాడ ఉంటది."

ముందు మోటరు బంద్ చేయించాడు. తరువాత బోరు వైపు ఎదురు నడుస్తూ, రెండడుగులకోసారి గడ్డపార మొనను నేలలో గుచ్చి తీసి చూశాడు. మొనకు బురద, బురద, మళ్లీ బురద. ఒకచోట పొడిమట్టి అంటింది. అక్కడ ఆగి రెండడుగులు వెనక్కి వచ్చి, "ఈడ తవ్వు తమ్మీ" అన్నాడు వెంట వచ్చిన కుర్రాడితో. పైపు వేసేటప్పుడు తవ్వి పూడ్చిన మట్టి చాలా ఏళ్ల దాకా పక్క నేల అంత గట్టిపడదు. లోపల కారిన నీళ్లు ఆ వదులు మట్టి వెంబడే పోయి, పల్లం దొరికిన చోట పైకి వస్తాయి. బురద కనబడిన చోటికి పదిహేనడుగుల ఎగువన, 63 మిల్లీమీటర్ల పైపుకు జానెడు పొడవు పగులు బయటపడింది.

పగులు జానెడే కాబట్టి గుంత రెండడుగులు చాలుననుకున్నాను. అతను పగులుకు ఇటు ఏడడుగులు, అటు ఏడడుగులు తవ్వించాడు. రైతు గొణిగాడు, నాకూ ఎక్కువే అనిపించింది. పలిగిన ముక్క కోసి తీశాక గాని సంగతి అర్థం కాలేదు. భూమిలో పాతుకున్న పైపుకు రెండు కొసలూ కదలవు. కొత్త ముక్కను ఒక కొసన కాలర్‌లోకి, అంటే అతుకు గొట్టంలోకి, తోయవచ్చు. రెండో కాలర్‌లోకి తోయడానికి రెండంగుళాలు వెనక్కి జరిగే జాగా ఎక్కడిది? పైపును బారుగా మట్టి నుంచి విడిపిస్తే విల్లులా పైకి వంగుతుంది. రెండు కొసలనూ అడుగు ఎత్తు లేపితే మధ్యలో సందు పెరుగుతుంది. ఆ సందులో ముక్కను కూర్చి, అందరూ కలిసి మెల్లగా కిందికి నొక్కితే వంపు తీరుతూ, రెండు అతుకులూ వాటంతటవే లోపలికి బిగుస్తాయి. పైగా కొసలు పైకి లేచినంతసేపు పైపులో మిగిలిన నీళ్లు వెనక్కి జారి, అతికే చోటు తడవదు. ఒక్క ఎత్తుతో రెండు పనులు! ఆ తవ్వకాన్ని చూశాక ఈ పనిలో సగం నైపుణ్యం పారలోనే ఉందని నాకు గట్టిగా తోచింది.

గోల్ఫ్ మైదానాల్లో పచ్చిక చెడకూడదు కాబట్టి, పలిగిన పైపులకు దుర్భిణిలా సాగే కప్లింగులు పెడతారు. చిన్న గుంతతో పనైపోతుంది. మన చెలకల్లో ఆ సాగే గుణాన్ని పైపులోంచే రాబట్టుకుంటారు.

సొల్యూషన్ డబ్బా మూత తీసేముందు అతను చేసిన పనులు చెప్పాలి. పైపు కింద మరో జానెడు లోతుగా చిన్న గుంట తీశాడు, ఊరే నీళ్లు అందులోకి దిగి అతుకును అంటకుండా. హాక్సాతో కోసిన అంచును ఆకురాయితో ఏటవాలుగా అరగదీశాడు. అంచు నిటారుగా ఉంటే తోసేటప్పుడు సొల్యూషన్‌ను ముందుకు నెట్టేస్తుంది. ఇసుక కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, కాలర్ ఎంత లోతు దిగాలో పైపు మీద గోటితో గీత పెట్టుకున్నాడు. మనం జిగురు అనుకునే ఆ సొల్యూషన్ పీవీసీ పైపొరను కరిగిస్తుంది. కరిగిన రెండు పొరలూ కలిసి గట్టిపడితే ఒకే పైపు అవుతుంది. నడుమ తడి గాని మన్ను గాని ఉంటే ఆ కలయిక కుదరదు. తోసి, పావు చుట్టు తిప్పి, అర నిమిషం వదలకుండా పట్టుకున్నాడు. అప్పుడే అంటుకున్న ముక్క ఊరికే వదిలితే వెనక్కి జరుగుతుంది.

గోదావరి అవతల, జైనథ్ వైపు పత్తి చేలల్లో పైపు పలిగే కథ వేరు. అక్కడి నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. నేలే పైపును లాగి, వంచి, పలగగొడుతుంది. ఆ నేలలో పైపు కిందా చుట్టూ ఇసుక పోసి పూడ్చాలంటారు తెలిసినవాళ్లు. ఎండ సంగతి కూడా ఉంది. ఆరు మీటర్ల పీవీసీ పైపు ముప్పై డిగ్రీల తేడాకు సెంటీమీటరు పైచిలుకు సాగుతుంది. మిట్టమధ్యాహ్నం సాగి ఉన్నప్పుడు అతికితే, రాత్రి చల్లబడి ముడుచుకునేటప్పుడు పచ్చి అతుకును గుంజుతుంది. మంచి పనివాడు ఎండాకాలం పొద్దున్నే వస్తానంటే అందుకే. చలికాలం ఆదిలాబాద్‌లో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోయే రోజుల్లో సొల్యూషన్ ఆరడానికి ఇంకా ఎక్కువసేపు ఆగాలి.

పైపు పలగడానికి కరెంటు కూడా ఒక కారణమే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. ఆటో స్టార్టరు ఉన్నచోట కరెంటు పోయి రాగానే, చేనులో మనిషి లేకున్నా మోటరు ఎత్తుకుంటుంది. వాల్వు మూసి ఉంటే ఒక్కసారిగా వచ్చే నీళ్ల మొదటి గుద్దు ఎల్బోలకే తగులుతుంది. చాలా పైపుల పగుళ్లకు మూలం అదేనని ఈ మెకానిక్ మాట. రోటవేటర్ లోతుగా దించడం ఆ తర్వాతిదట.

అతుకు వేశాక సాయంత్రం దాకా మెకానిక్ మోటరు జోలికి పోనివ్వలేదు. రైతు రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ "జర ఆగు కాకా" అన్నాడు. పొద్దు వాలుతుండగా చివరి మడి కాడ వాల్వు పూర్తిగా తెరిపించి, మోటరు వేయించాడు. ముందు గాలి బుస్సుమంటూ పోయింది, ఆ వెనక ఎర్రటి నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు. అప్పుడు వాల్వును కొద్దికొద్దిగా మూయిస్తూ తాను గుంతలో కూర్చున్నాడు. చేతిని ప్యాంటుకు తుడుచుకుని, రెండు అతుకుల అడుగునా అరచేయి నిదానంగా పోనిచ్చి, వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. పొడిగానే ఉంది. పక్కనున్న మట్టికుప్పలోంచి రాళ్లు ఏరి ఒడ్డున పడేస్తూ, మెత్తటి మన్ను మాత్రం పిడికిళ్లతో పైపు కిందికి కూరడం మొదలుపెట్టాడు.