ఇతివృత్తమా, శైలియా? – వసుచరిత్ర, కళాపూర్ణోదయాల ఆధారంగా ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కావ్యానికి ఇతివృత్తం ప్రధానమా, శైలి ప్రధానమా అన్న ప్రశ్న తెలుగు విమర్శలో తరచు రెండు ప్రబంధాల మధ్య తగవుగా రూపుకట్టింది. ఒకటి రామరాజభూషణుని వసుచరిత్ర, రెండోది పింగళి సూరన కళాపూర్ణోదయం. రెండూ 16వ శతాబ్దికి చెందినవే. మొదటిది శబ్దసౌందర్యానికి, రెండోది కథాకల్పనకు ఉదాహరణలుగా బోధనలో స్థిరపడ్డాయి. ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. తీర్పు మారిన తీరు

చాలాకాలం పండితలోకం వసుచరిత్రకు పట్టం కట్టింది. దాని మార్గంలో వచ్చిన కావ్యాలకు ‘పిల్ల వసుచరిత్రలు’ అన్న పేరే ఏర్పడింది. 1914లో వెలువడిన ‘కవిత్వతత్త్వ విచారము’లో కట్టమంచి రామలింగారెడ్డి శబ్దాడంబరాన్ని నిరసించి, సూరన కథాకల్పనాశక్తిని ఎత్తిచూపారు. ఆ విమర్శ చేసిన మేలు గొప్పది. అయితే తక్కెడ పాతదే, మొగ్గు మాత్రమే మారింది. ఇతివృత్తం, శైలి విడివిడిగా తూచదగినవన్న భావన అలాగే మిగిలింది.

3. వసుచరిత్ర: శైలి చేసిన కథ

భారతం ఆదిపర్వంలో ఉపరిచరవసువు వృత్తాంతం స్వల్పం. కోలాహల పర్వతం శుక్తిమతీ నదిని అడ్డగిస్తుంది. వసురాజు ఆ కొండను కాలితో తొలగిస్తాడు. ఆ నదీపర్వతాల సంతానమైన గిరికను వివాహమాడతాడు. దీనిని రామరాజభూషణుడు ఆరాశ్వాసాల ప్రబంధంగా పెంచాడు. ఇక్కడ శ్లేష పైపూత కాదు. ఒకే మాట ప్రవాహానికీ పడతికీ, శిలకూ పురుషునికీ అన్వయించినప్పుడే కొండ ఏటిని మోహించడం పాఠకునికి నమ్మదగిన సంఘటన అవుతుంది. ఆ భాషను తొలగిస్తే ఆ సంఘటనకే ఆధారం పోతుంది. పూర్తిగా కల్పించిన కథలను కృత్రిమ రత్నాలతో, ప్రాచీన కథలను గనిలో పుట్టిన రత్నాలతో, ఆ రెంటి కలయికను సానబట్టిన రత్నాలతో అవతారికలో కవి పోల్చడం గమనార్హం. రత్నాన్నీ సాననూ అతడు విడదీయలేదు.

4. కళాపూర్ణోదయం: కథ కోరిన శైలి

సూరన కావ్యంలో కథ జరిగిన క్రమం వేరు, చెప్పిన క్రమం వేరు. ఇద్దరు రంభలు కలహించడం ముందు చూస్తాం. వారిలో ఒకరు కలభాషిణి అనీ, మాయా నలకూబరుడు మణికంధరుడనీ తరువాత తెలుస్తుంది. పసిపాప మధురలాలస పూర్వజన్మ వృత్తాంతం చెప్పినప్పుడు, బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథే భూమిపై జరిగిందని బయటపడుతుంది. ఈ సంఘటనలను కాలక్రమంలో పెట్టి సంగ్రహిస్తే పాత్రలన్నీ మిగులుతాయి గాని కావ్యం మిగలదు. ఇంతటి చిక్కుముడిని పాఠకుడు మోయగలగడానికి కారణం సూరన సంభాషణలలోని తేటదనం. కనుక ఆ తేటదనాన్ని శైలీరాహిత్యంగా కాక, ఈ కథ కోరిన శైలిగా గుర్తించాలి.

ఈ సూరనే రాఘవపాండవీయంలో ఒకే పద్యంతో రామాయణ, భారత కథలు రెంటినీ నడిపాడు. ఇతివృత్త పక్షానికి ప్రతినిధిగా నిలిపిన కవి చేతిలోనే పదవిన్యాసం రెండు ఇతివృత్తాలను మోసిందన్నమాట.

5. ఒక ఆక్షేపణ

కథ భాషలు దాటుతుంది, శైలి దాటదు, కనుక కథే సారం అనవచ్చు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల అనువాదంలో కళాపూర్ణోదయం 2002లో ఆంగ్ల పాఠకులను చేరిన మాట నిజం. వసుచరిత్ర నాదసంపద ఆంగ్లంలోకి అలా ఒదగదన్నదీ ఒప్పుకోవలసిందే. అయితే భాష దాటినది ముడి కథ కాదు, కథన క్రమంతో కూడిన కథ. ఆ క్రమం కూడా కవి శిల్పమే. అనువాద సౌలభ్యం కావ్య స్వభావాన్ని తెలుపుతుంది గాని, విలువను నిర్ణయించదు.

6. ముగింపు

మన సిద్ధాంత గ్రంథాలలో ‘ఇతివృత్త పరిశీలన’ ఒక అధ్యాయంగా, ‘శైలీ పరిశీలన’ మరొక అధ్యాయంగా ఉండటం పరిపాటి. మొదటిది కథా సంగ్రహంగా, రెండోది అలంకారాల పట్టికగా ముగిసే ప్రమాదం ఈ విభజనలోనే ఉంది. ఒక సన్నివేశాన్ని తీసుకొని, అక్కడి పదప్రయోగమో కథన క్రమమో మారితే కథలో ఏమి మారుతుందని ప్రశ్నించడం మేలైన మార్గం. మార్పు ఏమీ లేకపోతే అక్కడి శైలి ఆడంబరమే, రామలింగారెడ్డి అభ్యంతరం న్యాయమే. కథే మారిపోతే ఇతివృత్తం, శైలి అక్కడ ఒక్కటే. ఏది గొప్పదన్న తీర్పు కంటే, ప్రతి కావ్యంలో ఈ రెండూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో చూపడమే విమర్శకుని బాధ్యత.