కాయ వలస వచ్చింది, దంచడం మనదే

గుంటూరు యార్డులో టిక్కీల (బస్తాల) మధ్య వినిపించే రకాల పేర్లు తేజ, బాడిగ, 334. అక్కడ సరుకు మిర్చి. ఇంటికొచ్చి చేటలో పడితే అదే మిరపకాయ. రెండు పేర్లలోనూ మిరియమే ఉంది. అమెరికా ఖండంలో పుట్టిన ఈ కాయ పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో మన తీరానికి చేరింది. అంతకుముందు మన వంటలో ఘాటు మిరియానిది, పిప్పళ్లది, అల్లానిది. కొత్త కాయకు తెలిసిన ఘాటు పేరే పెట్టుకున్నారు. తమిళులూ అంతే, మిళగు నుంచి మిళగాయ్. ఇంగ్లీషువారు పెప్పర్ అన్నారు, దాని మూలం మన పిప్పలి. చిల్లీ అన్న మాటను మాత్రం మెక్సికోలోని నహువా భాష నుంచి తీసుకున్నారు.

సరుకుల పేర్లు ఏ భాషలోనైనా ఇలాగే ఊళ్లు తిరుగుతాయి. నన్ను ఆకట్టుకునేది చేతిపని మాటలు. ఇంగ్లీషు వంటింట్లో బాయిల్, ఫ్రై, రోస్ట్ మూడూ ఫ్రెంచి నుంచి వచ్చినవే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దొరల వంట మాటలు జనం నోటికెక్కాయి. మనకు కాయ బయటినుంచి వచ్చినా ఉడకడం, వేగడం, ఊరడం, దంచడం మన సొంతం. పైగా మన క్రియలు చాలా నిక్కచ్చిగా ఉంటాయి. ఎండుమిరపకాయలు దంచుతాం. పచ్చడి నూరుతాం. నానిన పప్పు రుబ్బుతాం. తిరగలిలో పిండి విసురుతాం. మామిడికాయ తొక్కుతాం, అందుకే అది తొక్కుపచ్చడి. ఒక్కో మాటకు ఒక్కో రాయి, ఒక్కో చేతి ఊపు, నాలుకకు తగిలే ఒక్కో పలుకు.

కొరివి కారం చూడండి. కొరివి అంటే మండే కట్టె. పండుమిరపకాయల్ని తొడిమలతోనే కడగాలి, ముందే తొడిమ తీస్తే కాయలోకి నీళ్లు దిగి పచ్చడి బూజు పడుతుంది. తడి లేకుండా గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, అప్పుడు తొడిమలు తీసి ఉప్పు వేసి కచ్చాపచ్చాగా తొక్కుతారు. మధ్యలో చింతపండు పెట్టి జాడీకెత్తి రెండు రోజులు ఊరనిస్తారు. ఆ రెండు రోజులూ ఉప్పు కాయలోని నీటిని లాగుతుంది, ఆ రసంలో చింతపండు మెత్తబడుతుంది. మూడో రోజు తీసి మెంతిపిండి, వెల్లుల్లి కలిపి నూరుతారు. మొదట తొక్కడం, తర్వాత నూరడం. రెండూ ఒకటేనని మొదటిరోజే మెత్తగా చేసేస్తే ఊరడానికి ముక్కంటూ మిగలదు.

పచ్చళ్ల పేర్ల సంగతికొస్తే, గోంగూర పేరులో గోగు ఉంది, గోగునారకు పెంచే చెట్ల జాతి. ఆవకాయ పేరులో ఆవాలున్నాయి. జాడీ నిండా ఎర్రగా కనిపించే మిరపకు ఆ పేరులో చోటే లేదు.

మిక్సీ వచ్చాక దంచడం, నూరడం, రుబ్బడం లాంటి క్రియలన్నీ 'మిక్సీ పట్టడం' అయిపోయాయి. మిక్సీ చేసిన మేలు తక్కువేం కాదు, ఎందరో ఆడవాళ్ల భుజాలకు అది విశ్రాంతినిచ్చింది. కానీ వంటల పుస్తకాలు రాసేవారు 'గ్రైండ్ చేయండి' అని వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది. ఫ్రెంచివారు సన్నగా తరగడానికో మాట, ముక్కలుగా కొట్టడానికో మాట పాఠంగా నేర్పుతారు. మనమూ నేర్పవచ్చు. కందిపచ్చడికి వేయించిన కందిపప్పును పలుకుగా నూరాలని రాస్తే, మిక్సీ వాడేవారు కూడా ఆపి ఆపి తిప్పుతారు, పలుకు ఉండగానే తీస్తారు.